అమ్మ పెట్టిన నమస్కారాలు

ఈ వారం పరుల సంగతి కట్టిపెట్టి నా సంగతే చెప్పుకోవలసి వచ్చింది. పరుల తప్పులు చెప్పినంత హాయిగా మన తప్పులు చెప్పుకోలేము. అయినా ఇందులో నలుగురికీ పనికివచ్చే ముక్క కొంత వున్నది గనక చెప్పేస్తున్నాను.

నెల్లూరులో గాంధీబొమ్మ సెంటరు దాటి నాలుగు బారలు పోయామో లేదో, వెనక సీటులోంచి మా అమ్మ గొంతు వినిపించింది.

"ఏమిరా, నువ్వు గేరు మార్చినప్పుడల్లా నేను వంగి వంగి నీకు నమస్కారాలు పెడుతున్నాను. డెబ్బయ్ ఎనిమిదేళ్ల దాన్ని. కన్నకొడుక్కి ఇన్ని దండాలు పెడితే నీకు ఆయుక్షీణం. బండి ఆపు, నేను ఆటోలో పోతాను."

నేను నిన్నగాక మొన్న స్టీరింగు పట్టినవాణ్ణి కాను సుమండీ! ఇరవై ఏళ్లపాటు ఒక పాత పెట్రోలు కారు నడిపినవాణ్ణి. ఆ ఇరవై ఏళ్లూ అమ్మ అందులో కూర్చుని తాపీగా తమలపాకులు నమిలింది. చిక్కంతా ఈ కొత్త బండితో వచ్చింది. మా మేనల్లుడు ఉద్యోగం మీద పైదేశం పోతూ తన డీజిలు కారు నాకు వప్పగించి, "మామయ్యా, ఇది టర్బో బండి. కాస్త చూసి నడుపు" అని ఒక్క ముక్క చెప్పి విమానం ఎక్కాడు. 1248 సి.సి. ఇంజను, 75 గుర్రాల బలం. చూడటానికి చిన్నదే. చెప్పిన మాట వినదు. వినడం మొదలుపెడితే మనం చెప్పనిదాకా వింటుంది.

ఆటోలో పోతానంటే పోనీలే అనుకుందును. అసలు సంగతి వేరే వుంది. అమ్మకు తిరుమల కొండ మొక్కు వున్నది. మోకాలి ఆపరేషను జరిగి రెండేళ్లయింది. మెట్లదారి మాట తలపెట్టడానికే లేదు. బస్సు పుట్‌బోర్డు ఎక్కడమే ఆమెకు ఒక కొండ. కారులో తీసుకుపోతానని నేను మాట ఇచ్చి వున్నాను. ఆ రోజు దిగుతూ ఆమె అన్నది: "చదును రోడ్డు మీదనే ఇంత కుదుపు కుదిపావు. ఆ ఘాటు రోడ్డు మీద నీ బండి నేను ఎక్కను. స్వామి ఇక్కడినుంచే నా దండం అందుకుంటాడులే."

ఈ మాట అన్నప్పుడు ఆమె నవ్వలేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా వీధి చివర లారీలు నడిపి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన ఒకరున్నారు. వీధివీధంతా ఆయన్ని బాబాయి అనే పిలుస్తుంది. తెల్లవారగానే పోయి సంగతి చెప్పుకున్నాను. ఆయన వచ్చి, నా పక్కన కాక వెనక సీటులో కూర్చున్నాడు.

"ముందుకు రా బాబాయ్" అన్నాను.

"అమ్మగారు కూర్చున్నచోట కూర్చుంటే గదా అమ్మగారి బాధ తెలిసేది. పోనియ్ అబ్బాయ్!" అన్నాడు.

మైపాడు రోడ్డు మీద రెండు మైళ్లు పోయాక ఆయన నా జబ్బు తేల్చి చెప్పేశాడు.

"గేరు మార్చగానే వెనకవాళ్ల తల ముందుకు వంగితే నువ్వు ఆలస్యం చేశావన్నమాట. తల వెనక్కి విరుచుకుపడితే తొందరపడ్డావన్నమాట. నువ్వు రెండూ చేస్తున్నావు. ముందు నమస్కారం పెట్టిస్తున్నావు. ఆ మరుక్షణం ఆశీర్వచనం ఇప్పిస్తున్నావు."

ఇంత చక్కటి కొలబద్ద నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. దీని వెనక వున్న లెక్క ఏమిటంటే: ప్రతి గేరులోనూ ఇంజను ఇన్ని చుట్లు తిరిగితే చక్రం ఇన్ని చుట్లు తిరుగుతుందని ఒక కట్టడి వుంటుంది. క్లచ్చి తొక్కినంతసేపూ ఇంజను ఒక దారి, చక్రాలు ఒక దారి. క్లచ్చి వదిలినప్పుడు రెండూ ఒక కాడికి కట్టిన ఎద్దులైపోతాయి. ఒక ఎద్దు గబగబా, రెండవది నింపాదిగా అడుగులు వేస్తుంటే కాడి ఏమవుతుంది? ఇంజను చుట్లు కావలసినదానికన్నా పడిపోయి వుంటే చక్రాలు దాన్ని ఈడ్చాలి. బండి వెనక్కి గుంజుతుంది, తల ముందుకు వాలుతుంది. చుట్లు ఎక్కువగా వుంటే ఇంజనే చక్రాలను తోస్తుంది. బండి ఎగిరిపడుతుంది, తల వెనక్కి పోతుంది. రెండు ఎద్దులూ ఒక్క అడుగు వేసిన క్షణాన క్లచ్చి వదిలితే ఎవ్వరి తలా కదలదు. గేరు మార్చడమనే విద్య అంతా ఈ ఒక్క క్షణంలో వుంది.

మరి పాత కారులో ఈ విద్య నాకు తెలియకుండానే ఎలా వచ్చింది? అది టర్బో లేని బండి గనక. కాలు ఎంత ఆనిస్తే అంత లాగేది. చిన్న పొరపాటు చేసినా దాచిపెట్టేది. టర్బో బండి దాచదు. చాటింపు వేస్తుంది.

టర్బో అంటే ఏమిటో ఇక్కడ చెప్పుకోవాలి. ఇంజను ఇంధనాన్ని మండించడానికి గాలి కావాలి. గాలి ఎక్కువ కూరితే ఇంధనం ఎక్కువ మండించవచ్చు, బలం ఎక్కువ రాబట్టవచ్చు. ఇంజను వదిలిన పొగ వూరికే గొట్టంగుండా పోతున్నదే, ఆ పొగ తోపుతో ఒక చిన్న చక్రం తిప్పి, ఆ చక్రం ఇరుసుకు రెండవ కొసన మరొక చక్రం బిగించి, దానిచేత గాలిని వత్తి ఇంజనులోకి పంపుతారు. పొయ్యి పొగతో పొయ్యికే విసనకర్ర విసిరించుకున్నట్లన్నమాట! స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూచి 1905లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఆయన ఒక విమానం ఇంజనును కొలరాడోలోని పైక్స్ పీక్ అనే 14,000 అడుగుల కొండ మీదికి లారీలో ఎక్కించి, గాలి పలచగా వుండే ఆ చోట టర్బో లేకుండా ఒకసారి, టర్బో తగిలించి ఒకసారి నడిపి చూశాడు. నీరసించిన ఇంజను టర్బోతో మళ్లీ నేలమీది బలం తెచ్చుకున్నది. అంగడిలో అమ్మే కార్లకు ఇది ఎక్కింది 1962లో, అదీ అమెరికాలోనే. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే డీజిలు బండ్లకు టర్బో సర్వసాధారణం. చిన్న పెట్రోలు కార్లకు కూడా వస్తున్నది.

అంతా బాగానే వుంది. కాని ఒక్క తిరకాసు వుంది. మంట లేనిదే పొగ లేదు. పొగ లేనిదే విసనకర్ర తిరగదు. విసనకర్ర తిరగనిదే మంట పెద్దది కాదు. ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు పొగకు తోపు చాలదు. అందుచేత టర్బో వున్నా లేనట్టే. నా బండిలో నిమిషానికి సుమారు 1800 చుట్లు దాటితేగాని అది నిద్ర లేవదు. పైగా గేరు మార్చడానికి మనం కాలు ఎత్తినప్పుడల్లా పొగ తగ్గి విసనకర్ర నెమ్మదిస్తుంది. మళ్లీ కాలు ఆనించాక అది వూపు అందుకోవడానికి రెప్పపాటో, అంతకు కాస్త ఎక్కువో పడుతుంది.

నా తప్పు సరిగ్గా ఆ రెప్పపాటులోనే వున్నది. కాలు ఆనించాను, బండి లాగలేదు. "ఇదేమిటి?" అని మరికాస్త తొక్కాను. అప్పటికీ లాగలేదు. ఇంకాస్త తొక్కాను. ఈలోగా టర్బో లేచింది. నేను మూడుసార్లు అడిగినదంతా ఒక్కసారే తెచ్చి నెత్తిన కుమ్మరించింది. ముందు నమస్కారం, వెనకనే ఆశీర్వచనం!

"పిలవగానే పలకలేదని పది కేకలు వేస్తే, లోపలివాడు పరుగెత్తుకొచ్చి నిన్నే గుద్దుకుంటాడు. ఒకసారి పిలు. ఆగు" అన్నాడు బాబాయి.

తరవాత ఒక కాగితం తీసుకుని లెక్క వేశాము. మీ బండికి అంకెలు వేరుగా వుండవచ్చును. పద్ధతి మాత్రం ఇదే. మొదటి గేరు నిష్పత్తి 3.5, రెండవది 1.9, మూడవది 1.3, నాలుగవది 0.95 అనుకుందాము. మొదటి గేరులో 2500 చుట్ల దగ్గర రెండవ గేరు వేస్తే, అదే వేగానికి ఇంజను చుట్లు సుమారు 1360కి దిగాలి. అంటే టర్బో నిద్రపోయే చోటికి దిగిపోయామన్నమాట. రెండవ గేరులో 2500 దగ్గర మూడవది వేస్తే 1710. మూడవ గేరులో 2500 దగ్గర నాలుగవది వేస్తే 1830. చూశారా, గేరు ఒక్కటే మార్చినా మెట్ల ఎత్తు ఒకటి కాదు. మొదటి మెట్టే అన్నిటికన్నా పెద్దది. అందుకే ఎంత అనుభవం వున్నవాడికైనా ఒకటినుంచి రెండుకు మార్చడంలోనే అసలు పరీక్ష.

దీనికి విరుగుడు రెండు రకాలు. ఎదర ఎత్తు వున్నా, వెనక లారీ తరుముకొస్తున్నా మొదటి గేరునే 3400 దాకా సాగదియ్యాలి. అప్పుడు రెండవ గేరులో 1850 దగ్గర పడతాము. టర్బో మేలుకునే వుంటుంది. తొందర లేని చోట ముందే మార్చవచ్చు. అలా మార్చినప్పుడు మాత్రం పాదం తేలికగా ఆనించి, ముల్లు తనంతట తాను 1800 దాటేవరకు ఆగి, ఆపైన మెల్లగా వత్తాలి. అంతేగాని ముందే మార్చేసి, పైగా గట్టిగా తొక్కకూడదు. అలా తొక్కితే ఇంజను కడుపునొప్పివాడిలాగా మూలుగుతుంది. దానికీ చేటు, మనకీ చేటు.

ఇక క్లచ్చి సంగతి. గేరు మార్చేటప్పుడు క్లచ్చి చటుక్కున తొక్కాలి. వదిలేటప్పుడు మొదటి సగం చటుక్కున, పట్టు తగిలే చోట మాత్రం నింపాదిగా, పట్టు పూర్తయ్యాక కాలు అవతలికి. చాలామంది దీనికి సరిగ్గా తలకిందులు చేస్తారు. తొక్కడానికి తాత్సారం, వదలడానికి తొందర. కొంతమంది క్లచ్చి మీదనుంచి కాలే తియ్యరు. దానివల్ల పలక అరిగిపోవడం తప్ప ప్రయోజనం లేదు.

"ముల్లు దిగడానికి ఎంతసేపు ఆగాలి బాబాయ్? ముల్లును చూస్తూ కూర్చుంటే రోడ్డు ఎవరు చూస్తారు?" అని అడిగాను.

"గేరు వేస్తూ మనసులో గోవిందా అనుకో. ఆ మాట పూర్తయ్యేసరికి క్లచ్చి పట్టుకోవాలి. రెండుసార్లు అనుకున్నావో, ఆలస్యం. అమ్మగారు దండం పెడతారు. సగంలో వదిలావో, తొందర. చెవితో విను. కొన్నాళ్లకు ఆ మాట కూడా అక్కర్లేదు" అన్నాడు.

ఆయన కుర్రతనంలో నడిపిన లారీలకు సింక్రోమెష్ కూడా లేదట. గేరు పళ్ల వేగాన్ని సరిచేసే ఈ సాధనం 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లకు మొదట వచ్చింది. అది లేని బండిలో క్లచ్చి రెండుసార్లు తొక్కి, నడుమ యాక్సిలరేటరు ఆనించి, పళ్లు కలిసే వేళను చెవితో కనిపెట్టాలి. తప్పితే గేరుబాక్సు గర్రుమని నలుగురిలో పరువు తీసేది. ఇప్పుడు పళ్లను సింక్రోమెష్ కలుపుతుంది. కాని ఇంజనునూ చక్రాలనూ కలిపే పని ఇంకా మన పాదాలదే.

ఆటోమేటిక్ గేర్ల బండి కొనుక్కుంటే ఈ గొడవంతా వుండదు గదా అని మీరు అడగవచ్చును. నిజమే, క్లచ్చి గొడవ వుండదు. కాని టర్బో వూపిరి తీసుకునే ఆ రెప్పపాటు దాంట్లోనూ కొంత వుంటుంది. ఒకసారి అడిగి ఆగడం తెలియనివాడు దాన్నీ కుదుపుతాడు.

మూడు వారాలు తెల్లవారుజామున లేచి మైపాడు రోడ్డు మీద సాధన చేశాను. మొదటి వారం యాక్సిలరేటరు ముట్టకుండా, క్లచ్చి ఒక్కదాన్నే మెల్లగా వదులుతూ చదును నేల మీద బండిని కదిలించడం. పట్టు ఎక్కడ తగులుతుందో కాలికి తెలియడానికి ఇంతకు మించిన పాఠం లేదు. రెండవ వారం పై గేర్లకు పోవడం. మూడవ వారం కింది గేర్లకు రావడం. ఇది కష్టం. మూడవ గేరులో 1400 చుట్ల మీద పోతూ రెండవ గేరు వేస్తే ఇంజను 2050కి లేవాలి. వూరికే క్లచ్చి వదిలితే ఆ లేపే పని చక్రాలు చెయ్యాలి. బండి ఠపీమని గుంజుతుంది. క్లచ్చి తొక్కి వుండగానే యాక్సిలరేటరు మీద కాలు చిటికెడు ఆనించి, ముల్లును లేపి, అప్పుడు వదలాలి. మొదట్లో నేను చిటికెడు వెయ్యవలసిన చోట దోసెడు వేశాను. బాబాయి వెనకనుంచి "ఆశీర్వచనం!" అని అరిచేవాడు. చివరి రోజున ఏమీ అనలేదు. దిగి, పంచె దులుపుకుని, "అమ్మగారిని తీసుకుపో" అన్నాడు.

అమ్మ ఒక పట్టాన వప్పుకోలేదు. "అలిపిరి దాకా చూస్తాను. నా తల వూగిందా, అక్కడే దిగి బస్సు ఎక్కుతాను" అనే షరతు మీద కూర్చున్నది. కాళ్ల మధ్య పులిహోర డబ్బా. నాయుడుపేట దాటాము, శ్రీకాళహస్తి దాటాము. ఆమె పెదవి విప్పలేదు. అలిపిరి దగ్గర తనిఖీ అయ్యాక నేను అద్దంలోంచి ఆమె మొహం చూశాను. ఆమె కిటికీలోంచి కొండను చూస్తున్నది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఎక్కే దారి పట్టాను.

కొండకు రెండు ఘాటు రోడ్లు. 1944లో తెరిచిన మొదటిది ఇప్పుడు దిగేవాళ్లకు. 1974లో వచ్చిన రెండవది ఎక్కేవాళ్లకు. మూడవ గేరులో ఎత్తు ఎక్కుతుంటే మొదటి పెద్ద మలుపు ఎదురైంది. పాత నేనైతే మూడవ గేరులోనే మలుపు తిరిగి, బండి నీరసించగానే గట్టిగా తొక్కి, మలుపు నడిమధ్య టర్బో లేచి గుప్పుమంటే చక్రం పట్టుకుని స్వామిని తలుచుకునేవాణ్ణి. ఈసారి మలుపు రాకముందే, బండి తిన్నగా వుండగానే, కాలు చిటికెడు ఆనించి రెండవ గేరు వేశాను. ముల్లు రెండువేల మీద నిలిచింది. విసనకర్ర తిరుగుతూనే వున్నది. మలుపంతా ఒక్క తీరున లాగింది. గోవిందా! ఎత్తు మీద వున్న నియమం ఇదొక్కటే: బలం కావలసిన చోటికి చేరాక అడగడం కాదు. చేరకముందే అడిగి వుంచాలి.

నాలుగు మలుపులు తిరిగాక అద్దంలో చూశాను. అమ్మ నిద్రపోతున్నది. డబ్బా మీద చెయ్యి అలాగే వున్నది.

పైన బండి ఆపి, ఇంజను వెంటనే కట్టెయ్యకుండా ఒక నిమిషం వుంచాను. "ఇంకా ఎందుకురా ఆ రొద?" అన్నది లేచి. టర్బో చక్రం నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే వస్తువు. దాని ఇరుసు నూనె పొర మీద తేలుతూ వుంటుంది. ఘాటు ఎక్కి కాగివున్నప్పుడు ఇంజను చటుక్కున ఆపితే నూనె రావడం ఆగి, మిగిలిన నూనె అక్కడే మాడుతుంది. అమ్మకు ఇంత చెప్పలేదు. "కొండ ఎక్కింది గదమ్మా, వూపిరి తీసుకోనీ" అన్నాను. "పాపం, తీసుకోనీ" అన్నది.

దర్శనం అయింది. మొక్కు తీరింది. మర్నాడు పాత దారిన దిగాము. దిగేటప్పుడు న్యూట్రల్లో పెట్టి డీజిలు మిగుల్చుకుందామనుకునే మహానుభావులకు ఒక మాట. నేటి ఇంజన్లు గేరులో వుండి కాలు ఎత్తేస్తే ఇంధనం తీసుకోవడం మానేస్తాయి. న్యూట్రల్లో అయితే ఇంజను ఆగిపోకుండా వుండేందుకు కొంత తాగుతూనే వుంటాయి. మిగిలేది లేదు సరిగదా, భారమంతా బ్రేకుల మీద పడి అవి కాగిపోతాయి. రెండవ గేరు వేసుకుని, బండిని ఇంజను చేత పట్టించి, నింపాదిగా దిగాము.

కింద అలిపిరి దగ్గర రెండునుంచి మూడుకు గేరు మార్చి అద్దంలోకి చూశాను. అమ్మ తల ముందుకు వంగి వుంది! నా గుండె జారిపోయింది. ఇన్నాళ్ల సాధనా ఏమైందిరా భగవంతుడా అనుకుంటూ బండి పక్కకు తీశాను.

ఆమె తల ఎత్తి, కిటికీలోంచి వెనక్కి, కొండవైపు చూస్తూ రెండు చేతులూ జోడించి వుంది.

"కంగారు పడకు. ఇది నీకు కాదు. పోనియ్!" అన్నది.